జిలానీ బాషా గొట్టాలు

ఈ విశాఖపట్నంలో నా కళ్ళుగప్పి పారిన నీటిబొట్టు లేదు. పోర్టులో పనిచేసిన రోజుల్లో జెట్టీ మీద గొట్టానికి చెవి ఆనించి, అవతల ఓడకి ఎంత దాహంగా ఉందో చెప్పేవాణ్ణి. ఒక గ్రీకు ఓడ కెప్టెను నాతో పందెం కాసి, ఓడిపోయి, తన టోపీ నా నెత్తిన పెట్టి బోడితలతో సముద్రం దాటాడు. సరే, అది అలా ఉంచండి. జిలానీ బాషా కట్టిన ఇంట్లో గొట్టాల చిక్కు విప్పినవాణ్ణి నేను. నేనొక్కణ్ణే. ఇంకొకరి సాయం లేదు, సలహా లేదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయినా ఫరవాలేదు.

నా పేరు ఎల్లారావు. చోడవరం దాపున ఒక పల్లెలో పుట్టాను. మా బడిలో ఎన్ని తరగతులున్నాయో అన్నీ చదివేశాను, అంటే ఐదు. మా నాన్న కాలవ మీద నీరుకట్టు. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఎవరు ఎవరి గట్టు తెగ్గొట్టారో చూసేవాడు. అంచేత నీళ్ళ విద్య నాకు ఒకరు నేర్పేది కాదు.

పోర్టులో కలాసీగా చేరి, రిటైరయ్యేదాకా క్వార్టర్సులోనే ఉన్నాం. ఆ వరసలో ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే కుళాయి. మా ఆవిడ నారాయణమ్మ కాపురానికి వచ్చిన మర్నాడే బిందె పట్టుకుని ఆ కుళాయి దగ్గర నిలబడింది. మళ్ళీ క్వార్టర్సు ఖాళీ చేసినరోజునే ఆ వరసలోంచి బయటికొచ్చింది. అక్కడ ఆవిడ పట్టని జుట్టు లేదు, ఆవిడ జుట్టు పట్టని మనిషీ లేదు. నగలు కావాలని ఏనాడూ అడగలేదు. ఒక్కటే అడిగేది.

"నా వంటింట్లో నాకొక కుళాయి కావాలయ్యా. నాను తిప్పితే రావాల, నాను కడితే ఆగాల. ఇంకెవ్వుర్తోటీ నాను మాట పడకూడదు."

"ఏయిత్తాను," అన్నాను. మాట ఇవ్వడంలో నేను ఎప్పుడూ వెనకాడినవాణ్ణి కాను.

రిటైరయ్యాక పాతపట్నంలో, పూర్ణా మార్కెట్టుకి నడిచి వెళ్ళే దూరంలో, జిలానీ బాషా ఇల్లు కొన్నాను. ఆయన పోర్టు టగ్గులో ఇంజన్ డ్రైవరు. పెద్ద ఓడల్ని తాడు కట్టి లాక్కొచ్చే చిన్న ఓడ ఉంటుంది చూశారా, దాని పొట్టలో ఆయన జీవితమంతా గడిచింది. భార్య పోయాక కటక్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు మాకు అమ్మాడు. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "అంతా గొట్టాల మీదే ఉంది భాయ్, చూసుకోండి," అన్నాడు. ఇల్లు గొట్టాల మీద నిలబడి ఉందని చెబుతున్నాడనుకుని, "గోడలు కూడా గట్టివేలెండి," అన్నాను.

ఆయన మాట తప్పు కాదు. ఆ ఇంట్లో గోడలకన్న గొట్టాలు ఎక్కువ. పెరట్లో బావి, బావి మీద చేతిపంపు, పంపులోంచి ఒక గొట్టం మేడమీదికి. మేడమీద ఒక పెద్ద ట్యాంకు, ఒక చిన్న ట్యాంకు. వాటిలోంచి కిందికి దిగే గొట్టాలు, పక్కకి పోయే గొట్టాలు, గోడలోకి దూరి మళ్ళీ ముఖం చూపించనివి. పైగా వాటికి రంగులు! ఒకటి చిలకపచ్చ, ఒకటి నీలం. మెట్టుమెట్టుకీ నీళ్ళు కట్టడానికి ఇత్తడి చక్రాలు. తిరణాలలో రంగులరాట్నం తెచ్చి ఇంట్లో బిగించినట్టుంది.

గృహప్రవేశం నాటికి ఇల్లు మల్లెపువ్వులా ఉండాలని నేను పట్టుపట్టాను. మాలో కొత్తింట పాలు పొంగించాలంటే సున్నం పడని చోటు ఉండకూడదు. కూలీని పెడితే మూలలు వదిలేస్తాడని కుంచె నేనే పట్టాను. గోడలకి వేశాను, గడపకి పసుపు పూశాను, మిగిలిన సున్నం పారబోయడం ఇష్టంలేక గొట్టాలకీ చక్రాలకీ కూడా రెండేసి పూతలు వేసి, ఒక్కోదానికి ఒక్కో కుంకంబొట్టు పెట్టాను. జిలానీ బాషా మళ్ళీ వచ్చి చూసినా ఆ ఇల్లు తనదని గుర్తుపట్టేవాడు కాదు.

పాలు పొంగాయి. నారాయణమ్మ వంటింట్లో కుళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో ఇల్లు కూడా కొనేవాణ్ణే, అప్పిచ్చేవాడుంటే.

ఒక్క లోపం కనిపించింది. పెరటివైపు గోలెం దగ్గర కుళాయిలోనూ, స్నానాలగదిలో రెండు కుళాయిల్లో ఒకదానిలోనూ ఉప్పునీళ్ళు వస్తున్నాయి. నాలుక మీద వేసుకుని చూశాను, అచ్చం సముద్రం. బావి మూత తీసి చూస్తే అదీ ఉప్పే. "మన ఇంట్లో ఉప్పునీళ్ళేటి, చీ! కాళ్ళు కడుక్కున్నా మంచినీళ్ళే!" అని బావి మీద పలకలు పరిచేశాను. పంపు పిడికి బట్టలారేసే తీగ కట్టాను. కొన్నాళ్ళకి ఆ కుళాయిలు వాటంతట అవే ఎండిపోయాయి. మేడమీద చిన్న ట్యాంకు కూడా ఎండింది. పల్లెవాడికి మేడమీద ఖాళీ సిమెంటు తొట్టి కనిపిస్తే ఏం చేస్తాడు? మట్టి పోసి బచ్చలి వేశాను. బాగా పాకింది. సాయంత్రం సాయంత్రం పెద్ద ట్యాంకులోంచి బకెట్లతో తోడి పోసేవాణ్ణి.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. తెల్లవారగానే మున్సిపాలిటీ నీళ్ళు వచ్చి పెద్ద ట్యాంకు నిండుతుంది. మధ్యాహ్నానికల్లా అడుగు కనిపిస్తుంది. వంటింటి కుళాయి తిప్పితే దగ్గు తప్ప చుక్క లేదు. ఎక్కడా కారుతున్న తడి లేదు, ఏ కుళాయీ తెరిచి లేదు. నారాయణమ్మ మళ్ళీ బిందె తీసింది. మళ్ళీ వీధికుళాయి. మళ్ళీ వరస. ఇప్పుడు మోకాళ్ళు కూడా నొప్పులు.

ఇక్కడ మా బావమరిది తవిటయ్య గురించి చెప్పాలి. నారాయణమ్మ తమ్ముడు. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టి నడిచేవాడు. ఇంటి చుట్టూ బావులే, ఒకదానికన్న ఒకటి తియ్యన. అక్కగారికి కష్టం వచ్చిందంటే బండి కట్టుకుని వచ్చేసే రకం. ఆ బండికి కట్టే తెల్ల ఎడ్లు కొండకర్ల ఆవ చెరువు దగ్గర కొంగల్ని చూసి, మా చుట్టాలేనా అని ఆగేవి.

"ఈ సుక్కురారం సూత్తాను," అంది నారాయణమ్మ బిందె దింపి. "నా కుళాయిలో పొద్దుగూకినాక నీళ్ళు రాపోతే మా తవిటయ్యకి కబురెడతాను. బండి తెత్తాడు. ఎల్లిపోతాను."

"ఎల్లిపోతే నాకు వంటెవరు సేత్తారే?"

"నీకు తెలీని గొట్టం లేదు గదా. గొట్టాల్ని ఒండుకో."

అది మాట కాదు, తూటా. నేను వెంటనే మేస్త్రీ కోసం బయలుదేరాను. ఆ రోజుల్లో పైపు రెంచీ పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ స్టీల్‌ప్లాంటు పనిలోకి వెళ్ళిపోయాడు. ఊళ్ళో మిగిలినవాడు పైడయ్య ఒక్కడు. ఫిషింగ్ హార్బర్లో మరపడవల ఇంజన్లు విప్పేవాడు. నాకు దూరపు బంధువు, అందుకే మిగిలిపోయాడు. వచ్చి మేడెక్కి ట్యాంకు చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"బావా, ఈ ట్యాంకులోంచి రెండు గొట్టాలు దిగతన్నాయి. ఒకటి మీ వంటింటికి. రెండోది ఈ గోడలోకి దూరిపోనాది. ఎక్కడికెల్తన్నాది?"

"స్నానాల గదికి," అన్నాను. తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు.

"ఈ సక్రం తిప్పి సూద్దునా?"

చక్రం మీద నా సున్నం రెండు పూతలూ గడ్డకట్టి ఉన్నాయి. కుంకంబొట్టు కూడా చెక్కుచెదరలేదు. పైడయ్య రెంచీ వేసి మూలిగాడు. చక్రం కదలలేదు. "పాత ఇత్తడి బావా. ఇరిగిందంటే ఇలాటిది ఊళ్ళో దొరకదు. ఓడసామాను ఇది," అని రెంచీ నా దగ్గరే వదిలేసి, టీ తాగి, ఇంట్లో గాలి ఏదో ఉందని కూడా చెప్పి వెళ్ళిపోయాడు. నాకు గాలి అక్కర్లేదు, నీళ్ళు కావాలి.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. కాలవలో వదిలిన నీళ్ళు మడికి చేరకుండా మధ్యలో మాయమయ్యాయనుకోండి. గట్టుకి ఎక్కడో ఎండ్రకాయ బొక్క పెట్టిందన్నమాట. బొక్క కనబడదు. మా నాన్న ఒక తట్టెడు ఊక కాలవలో పోసి, గట్టెక్కి చుట్ట వెలిగించేవాడు. ఊక ఎవరి మడిలో తేలితే ఎండ్రకాయ వాడి వైపున్నట్టు. ఇప్పుడు ట్యాంకులో ఊక పోస్తే కుళాయిలు మూసుకుపోతాయి. అందుకని బట్టలకి పెట్టే నీలిమందు తెచ్చాను. ఎంత వెయ్యాలో డబ్బా మీద బకెట్టుకి రాసి ఉంటుంది గాని, ట్యాంకుకి రాసి ఉండదు. కాస్త ధారాళంగానే వేశాను.

శుక్రవారం ఉదయం. మా కుళాయి ముట్టుకోవద్దని నారాయణమ్మకి చెప్పి వీధిలోకి బయలుదేరాను. మురిక్కాలవలన్నీ చూశాను. పక్కసందు చూశాను. వెనక కొట్టంలో చూశాను. సముద్రం దాకా కూడా వెళ్ళి చూశాను, అదెలాగూ నీలంగానే ఉంది. జాలరిపేట వైపు నుంచి చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు, "ఏటి తాతా, ఏటి పారీసుకున్నావు?" అని అడిగారు. "నీళ్ళు," అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సముద్రం వైపు చెయ్యి చూపించి, "అల్లవిగో" అని పోయారు.

ఉసూరుమంటూ ఇంటికొచ్చి కూర్చున్నాను. అప్పుడు వచ్చింది రసూల్ బీ.

రసూల్ బీ మా పక్కింటావిడ. మాకూ ఆవిడకీ మధ్య ఒకటే గోడ. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒక తెల్ల మేక, రెండు కళ్ళలో శుక్లాలు. సేమ్యా పాయసం వండి గిన్నెల్లో పోసి మార్కెట్టు దుకాణాలకి పంపుతుంది, అదే బతుకుతెరువు. మేం ఆ ఇంట్లో దిగినప్పటినుంచీ ప్రతి శుక్రవారం మాకొక గిన్నె తెచ్చిపెట్టేది. ఎందుకిస్తోందని నారాయణమ్మ అడిగితే, "నా మొహం చూసి. పోర్టులో పనిచేసినవాడంటే ఆమాత్రం మర్యాద ఉంటుంది," అనేవాణ్ణి. పాయసం తినేవాణ్ణి.

ఆరోజు ఆవిడ గిన్నె మీద మూత తీసి నా ముందు పెట్టింది. పాయసం నీలంగా ఉంది. లేతనీలం కూడా కాదు. వేసవి మిట్టమధ్యాహ్నం యారాడకొండ మీది ఆకాశం తెచ్చి, జీడిపప్పు వేసి వండినట్టుంది.

"భయ్యా, ఇయ్యాల మీ నీళ్ళకేటయింది?" అంది రసూల్ బీ. "పాలు పోసినాను, సేమ్యా ఏసినాను, పంచదార ఏసినాను. సూత్తే ఇలాగ! ఖుదా కసమ్, నానేటీ కలపలేదు. మార్కెట్టుకి పంపలేదు. మీకు సూపిద్దారని తెచ్చినాను. మా మేక కూడా అవే నీళ్ళు తాగీసింది. దాని గడ్డం సూడండి, ఇంకుబుడ్డిలో ముంచి తీసినట్టున్నాది."

ఆవిడ వెనకాలే మేక వచ్చింది. తెల్లటి మేక, నీలం గడ్డం. ఆ శుక్లాల కళ్ళకే కనబడిందంటే ఎంత నీలమో మీరే ఊహించుకోండి.

మేక గడ్డం వేళ్ళతో రుద్ది చూశాను. రంగు వదల్లేదు, నా నీలిమందే.

"మా నీళ్ళు మీ ఇంటికెలాగొచ్చినాయమ్మా?"

"ఎలాగొత్తాయి? కుళాయిలోనే. జిలానీ భాయ్ ఉన్నప్పుడు వచ్చినట్టే వత్తన్నాయి. ఆయన నన్ను చెల్లెలనుకున్నాడు. కళ్ళు తగ్గినాక వీధికుళాయికి ఎల్లలేకపోతన్నానని, మీ ట్యాంకులోంచి నా వంటింట్లోకి గొట్టం ఏసినాడు. కొత్తోళ్ళొచ్చి ఆపేత్తారని భయపడినాను. మీరు ఆపలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "అందుకే గదా భయ్యా, సుక్రారం సుక్రారం పాయసం. మీకు తెలుసనుకున్నాను."

నేను ఇంతకాలం తిన్న పాయసమంతా నా మొహం చూసి ఇచ్చింది కాదన్నమాట.

అయినా గెలిచింది నేనే కదా! ఎండ్రకాయ బొక్క దొరికింది. రెంచీ చేతిలోకి తీసుకుని లేచాను. "ఏటే, ఇన్నావా? దొరికింది. ఆ సక్రం ఎలాగేనా తిప్పేత్తాను. పొద్దుగూకినాక నీ కుళాయిలో నీళ్ళొత్తాయి. తవిటయ్యకి కబురక్కర్లేదు."

నారాయణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నాను అనుకుంటూనే ఉన్నాను," అంది.

"ఏటనుకున్నావు?"

"ఈవిడ్ని వీధికుళాయి కాడ ఒక్కరోజేనా సూసినావా నువ్వు? నాను సూళ్ళేదు. బిందె పట్టుకుని బయటికి రాకండా పాయసాలమ్మే ఇల్లెలాగ నడుత్తాదా అని నాకు అప్పుడే అనుమానం."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వడిగినావా? సముద్రాన్ని అడగడానికి ఎల్లినావు."

రసూల్ బీ గోడ పట్టుకుంది. తను నోరు విప్పి తన నీళ్ళు తనే పోగొట్టుకున్నానని ఆవిడకి అర్థమైంది. "కట్టీండి భయ్యా," అంది. "మీ నీళ్ళు. ఇన్నాళ్ళు ఇచ్చినారు, అదే సాలు."

నేను మెట్లవైపు అడుగువేశాను. నారాయణమ్మ అడ్డం వచ్చింది.

"కట్టీసి?"

"నీకు నీళ్ళొత్తాయి."

"ఈవిడకి?"

"వీధికుళాయి ఉన్నాది గదా."

"వీధికుళాయంటే ఏటో నీకు తెలుసా?" అంది నారాయణమ్మ. గొంతు పెంచలేదు. పెంచితే నాకు సులువుగా ఉండేది. "ఎప్పుడేనా నిల్సున్నావా నువ్వు? నాను నిల్సున్నాను. కళ్ళున్నోళ్ళ బిందెలే కాలితో తన్నీసి ముందుకెల్లిపోతారక్కడ. ఈవిడ్ని తీసుకెళ్ళి ఆ వరసలో నిలబెట్టి, నా కుళాయి నాను తిప్పుకుంటే, ఆ నీళ్ళు నా గొంతు దిగుతాయా? నాకు కుళాయి కావాల. ఈవిడ కుళాయి ఆపకండా కావాల. నీకు తెలీని గొట్టం లేదు గదా, సూపించు."

పోర్టులో పెద్ద పెద్ద ఆఫీసర్లకి జవాబు చెప్పినవాణ్ణి. గ్రీకు కెప్టెను టోపీ అంటే... అది జెట్టీ మీద గాలికి ఎగిరొచ్చి నా కాళ్ళ దగ్గర పడిందనుకోండి, అయినా చెప్పినవాణ్ణే. ఆరోజు మాత్రం రెంచీ మెట్టు మీద పెట్టేశాను.

అప్పుడు రసూల్ బీయే అడిగింది. "అవును గానీ వదినా, జిలానీ భాయ్‌కి ఈ ట్యాంకుతోటే రెండిళ్ళకీ సరిపోయేది. సాయంత్రానికి మిగిలితే మొక్కలకి కూడా పోసేవాడు. మీకెందుకు సాలట్లేదు?"

"ఏమో వదినా, ఆయనెలా సరిపెట్టేవాడో."

"టగ్గులో లాగే. టగ్గులో నీలం గొట్టం మంచినీళ్ళకి, పచ్చ గొట్టం ఉప్పునీళ్ళకి అంట. ఇంట్లో కూడా అదే సేసినాడు. నీలం తాగడానికీ ఒండుకోడానికీ. పచ్చ కడగడానికి. బట్టలకీ అంట్లకీ స్నానానికీ అంతా పచ్చే. పచ్చ నీళ్ళు ఎంత పోసినా ఏటీ అనేవాడు కాదు. నీలం నీళ్ళు సుక్క కింద పడితే ఓడ మునిగిపోనాదన్నట్టు అరిసేవాడు." ఆవిడ కళ్ళు చికిలించి మా పెరడంతా చూసింది. "ఏదీ పచ్చ గొట్టం? అన్నీ తెల్లగా కనబడతన్నాయేటి? నా కళ్ళలో పొర మరీ ముదిరిపోనాదా?"

నారాయణమ్మ నా వైపు చూసింది. నేను మేక వైపు చూశాను. మేక బావి వైపు చూసింది.

నారాయణమ్మ అంట్లుతోమే కొబ్బరిపీచు తెచ్చి, తడిపి, పంపు దగ్గర గొట్టం మీద గట్టిగా రుద్దింది. నా సున్నం మొదటి పూత లేచింది. రెండో పూత లేచింది. దాని కిందనుంచి చిలకపచ్చ బయటపడింది. "అంతా గొట్టాల మీదే ఉంది" అని జిలానీ బాషా ఎందుకన్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయన చెప్పాల్సిందంతా రంగుల్లో చెప్పే వెళ్ళాడు. నేను దానికి సున్నం కొట్టి బొట్టుపెట్టాను.

ఆడవాళ్ళిద్దరూ పీచు పట్టుకుని పచ్చరంగు వెంటపడ్డారు. బావి పంపు దగ్గర మొదలై, గోడెక్కి, మేడమీద చిన్న ట్యాంకులోకి. చిన్న ట్యాంకులోంచి దిగి, నేను పనికిరానివని వదిలేసిన కుళాయిల్లోకి. అంటే బావినీళ్ళు పంపుతో పైకి కొట్టి ఆ చిన్న ట్యాంకు నింపుకోవాలి. అంట్లు తోమడానికీ బట్టలు ఉతకడానికీ అవే వాడుకోవాలి. అప్పుడు పెద్ద ట్యాంకులో మంచినీళ్ళు రెండు వంటిళ్ళకీ పొద్దుగూకేదాకా ఉంటాయి. మేం మాత్రం మంచినీళ్ళతో కాళ్ళు కడుగుతున్నాం, గచ్చు కడుగుతున్నాం, బచ్చలికి పోస్తున్నాం.

రసూల్ బీ చిన్న ట్యాంకులో చెయ్యి పెట్టి తడిమింది. "ఇదేటి భయ్యా, మట్టి?"

"బచ్చలి," అన్నాను.

"ఓడ ట్యాంకులో బచ్చలి!" అని ఆవిడ మేడమీద కూర్చుండిపోయి నవ్వింది. నారాయణమ్మ కూడా నవ్వింది. వాళ్ళ నవ్వు ఆగేలా లేదని నేనే పార తెచ్చుకుని మట్టి తియ్యడం మొదలెట్టాను. బచ్చలి తీగని పాత గంగాళంలోకి మార్చాను. బట్టలతీగ విప్పేశాను. బావి మీద పలకలు తీశాను. పైడయ్య హార్బర్ నుంచి తోలు వాసరు తెచ్చి పంపులో వేసి, "నాను అప్పుడే అన్నాను బావా, ఇది ఓడసామానని," అన్నాడు. ఆ ఇంట్లో ఆరోజు నేను తప్ప అందరూ ముందే అన్నవాళ్ళే.

ఆ తరవాత రోజూ పొద్దున్నే పంపు కొట్టడం నా ఉద్యోగం. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదని నారాయణమ్మ సణిగింది. ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళతో జాడించుకోవచ్చని రసూల్ బీ తీర్పు చెప్పింది. నీలిమందు నీళ్ళన్నీ వదిలేసి, ట్యాంకు కడిగి, మళ్ళీ నింపాం. మొదటిసారి పొద్దుగూకే వేళ నారాయణమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. కుళాయి తిప్పింది. దగ్గు లేదు. చెంబులోకి ధార పడింది. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. గోడ అవతల రసూల్ బీ కూడా తన కుళాయి తిప్పినట్టుంది, చెంబు చప్పుడు వినిపించింది. నారాయణమ్మ గోడ మీద రెండుసార్లు అరచేత్తో కొట్టింది. అవతలనుంచి రెండుసార్లు జవాబు వచ్చింది. బిందె ఆ రాత్రికే అటకెక్కింది.

హార్బర్లో పడవలకి వేసే రంగు పైడయ్య చేత తెప్పించి, గొట్టాలన్నిటికీ మళ్ళీ నేనే వేశాను. పచ్చది పచ్చ, నీలంది నీలం. ఈసారి కుంకంబొట్లు మాత్రం వదిలేశాను. అవి నా సొంతం.

మొదట్లో నేనొక మాట గుర్తుపెట్టుకోమన్నాను. ఇంకొకరి సాయం లేదు, నేనొక్కణ్ణే విప్పానని. పెట్టుకున్నారా? ఇక మర్చిపోవచ్చు. నీళ్ళెక్కడికి పోతున్నాయో నారాయణమ్మ ముందే పసిగట్టింది. ఎందుకు చాలడంలేదో రసూల్ బీ చెప్పింది. పచ్చరంగుని కొబ్బరిపీచు కనిపెట్టింది. నీలిమందు మాత్రం నాదే, దాన్ని నానుంచి ఎవరూ లాక్కోలేరు.

ఇదంతా విని మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. మేకకి నీలం గడ్డమేమిటి, ముసలాడు కోస్తున్నాడు అని. మేక నిజం. మళ్ళీ వేసవిదాకా ఆ నీలం వదల్లేదు. మా వీధి పిల్లల్ని ఎవరినడిగినా చెబుతారు. పాయసం కూడా నిజం, అది నేను తిన్నాను, బాగుంది.

అబద్ధం తవిటయ్య. నారాయణమ్మకి తమ్ముడూ లేడు, అన్నా లేడు. ఆవిడ పుట్టింట ఆవిడొక్కతే. వెళ్ళిపోతానని ఆవిడ ఏనాడూ అనలేదు, గడువూ పెట్టలేదు. రోజూ మధ్యాహ్నం కుళాయి దగ్గగానే బిందె తీసుకుని, ఆ మోకాళ్ళతో వీధికుళాయికి వెళ్ళి, వరసలో నిలబడి, తెచ్చి, దింపి, నా వైపు చూడకుండా అన్నం వండేది. అంతే. ఆ ఊరుకోవడాన్ని ఎలా రాయాలో నా ఐదో తరగతికి అంతుపట్టలేదు. అందుకని మీసాలు పెట్టి ఒక బావమరిదిని పుట్టించి, ఆవిడ అనని మాటలు ఆవిడ చేత అనిపించాను.

ఎడ్లు కూడా నేను కల్పించినవే. కానీ బాగా కుదిరాయి కదూ?